పరీక్షలు మాత్రం రాయనీ చిన్నాయనా

అయిదారేళ్ళుగా ఒక మాట నా కడుపులో అరగకుండా ఉంది. తిన్న అన్నం అరుగుతుంది, పడిన తిట్లు అరుగుతాయి, ఇది మాత్రం అరగదు. ఫోన్లో ఒక పెద్దమనిషికి నేను చెప్పిన మాట అది. చెప్పడానికి ఎంతసేపు పట్టిందని! నీళ్ళు తాగినంత సేపు కూడా పట్టలేదు. ఇంతవరకు ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. నా భార్యకి చెప్పలేదు, మా నాయనకి చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు, అందుకే మీకు చెప్తున్నా. ఎదురుగా కూచుని ఉంటే చెప్పేవాణ్ణి కాదు. అంత ధైర్యమే ఉంటే ఈ తప్పు జరిగేదే కాదు కదా.

నేను గిద్దలూరులో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. పోయిన నెల మా ప్రిన్సిపాల్ పిలిచి ఒక పని అప్పజెప్పినాడు. మా కాలేజీలో ప్రతి క్లాసుకీ ఫోన్లో ఒక గ్రూప్ ఉంది. వారానికొక ప్రశ్న పెడతాము, పిల్లలు దాని మీద రాయాలి. మగపిల్లలు రాస్తారు, ఆడపిల్లలు రాయరు. "ఎందుకు రాయరో ఒక పేజీ రాసియ్యి, పైకి పంపాలి. ఈ ఆన్‌లైన్ చర్చల సంగతి నీకు బాగా తెలుసు కదా," అన్నాడు. నాకు తెలుసంట! సరేనని కూచుని రాసినాను. బిడియం అని రాసినాను. ఆసక్తి తక్కువ, ఇంగ్లీషంటే భయం, ఇంటిపనులు, ఇట్ల నాలుగు ముక్కలు గెలికి సంతకం పెట్టి ఇచ్చినాను. ఆయన చదివి బాగుందన్నాడు. ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా మంచం మీద కూలబడినాను. రాయాల్సిన కారణం ఒకటి ఆ పేజీలో రాయలేదు. ఆ కారణం నాలాంటి వాళ్ళమే అని. అసలు నేనే అని.

మొదట్నించి చెప్తాను. కరోనా ఏడాది నాది మార్కాపురంలో డిగ్రీ ఆఖరు సంవత్సరం. కాలేజీ మూసినారు, ఎవరి ఊరికి వాళ్ళం చేరినాము. మాది అర్ధవీడు పక్కన ఒక ఊరు. తాతల నాటి నుంచి సేద్యం, సొంత భూమి ఉంది. మా ఊర్నించే ఇంకొక పిల్ల నా క్లాసులో ఉండేది. నాగవేణి అనుకోండి, అసలు పేరు అది కాదు. వాళ్ళది గొర్రెలు కాసే ఇల్లు. వాళ్ళ నాయనని గురవయ్య అనుకుందాం. కోతలయినాక ఆయన తన మందని మా చేలో పెట్టేవాడు. గొర్రెలు చేలో పడుకుంటే చేనికి ఎరువు, దానికి బదులు మా నాయన ఆయనకి గింజలు కొలిచేవాడు. కులాలు వేరైనా ఊరి వరసలు ఊరి వరసలే. ఆయన నాకు చిన్నాయన. నాగవేణి నాకు చెల్లెలు. నన్ను నోరారా అన్నా అని పిలిచేది.

మా ఎకనామిక్స్ సార్ పెద్దాయన, మంచోడు. ఫోన్లో గ్రూప్ పెట్టి, ప్రతి శనివారం సాయంత్రం ఒక ప్రశ్న వేసేవాడు. క్లాసులో సగం ఆడపిల్లలే, గ్రూప్‌లో నోరున్నది మాత్రం మగపిల్లలకే. నేనైతే తెలిసినా తెలీకపోయినా రాసేవాణ్ణి. పేపర్లో చూసింది, ఎవరో అనగా విన్నది, ఏదో ఒకటి ఎక్కించేవాణ్ణి. ఆడపిల్లలు 'ఓకే సార్', 'థాంక్యూ సార్' దాటేవాళ్ళు కాదు. ఎందుకు దాటరో అప్పుడే నాకు తెలుసు. ఒక పిల్ల రెండు లైన్లు రాసిందంటే ఆ నంబరుకి విడిగా 'హాయ్' అని మెసేజులు పోయేవి. పంపినోళ్ళలో నా స్నేహితులున్నారు. ఒకసారి నేనూ ఉన్నాను. ఆ ఫోన్లేమో ఆ పిల్లలవి కావు. నాయనలవి, అన్నదమ్ములవి. ఆ 'హాయ్' ముందుగా చూసేది వాళ్ళు. మళ్ళీ ఆ పిల్ల ఫోన్ ముట్టుకుంటే ఒట్టు. ఇదంతా తెలిసినోణ్ణి, పోయిన నెల 'బిడియం' అని రాసినాను చూడండి!

నాగవేణికి దొరికేది కూడా నాయన ఫోనే. పగలంతా ఆ ఫోను గొర్రెలతో పాటు కొండకి పోయేది. పొద్దుగూకి ఆయన దొడ్డికి చేరితేనే ఈమె చేతికి వచ్చేది. గ్రూప్‌లో ఆమె పేరు కనపడేది కాదు. 'గురవయ్య' అని ఉండేది, పక్కన తలగుడ్డ చుట్టుకొని గొర్రెపిల్లని ఎత్తుకున్న ఆయన ఫోటో ఉండేది.

ఒక శనివారం సార్ జాతీయాదాయం గురించి అడిగినాడు. మేమంతా పుస్తకంలో ఉన్నదే దించినాము. పొద్దు వాలినాక గురవయ్య పేరు మీద ఒక మెసేజ్ వచ్చింది. మా మంద రైతు చేలో పడుకుంటుంది, రైతు గింజలిస్తాడు, రూపాయి చేతులు మారదు, మరి ఇది దేశం లెక్కలోకి ఎట్ల వస్తుంది సార్, అని. సార్ ఎంత సంబరపడినాడో! "శభాష్ గురవయ్యా! చర్చ అంటే ఇదిరా నాయనా! ఏ ఊరబ్బాయివి నువ్వు?" అని పెట్టినాడు. ఆయన నిజంగానే మగపిల్లోడనుకున్నాడు.

అప్పుడు నేనేం చేసినానో తెలుసా? 'సార్, అది మా ఊరి నాగవేణి' అని ఒక్క లైను పెడితే అయిపోయేది. నేను పెట్టింది ఇది: "గురవయ్య చిన్నాయనా, డిగ్రీలో ఎప్పుడు చేరినావు? మరి గొర్రెలకి అటెండెన్స్ ఎవరేస్తారు?" దాని కింద నవ్వే బొమ్మలు. అంతే, మిగతావాళ్ళు అందుకున్నారు. మామా పొట్టేలు ఎంతకిస్తావు అని ఒకడు, గొర్రెలకి కూడా ఫోన్ కొనియ్యి అని ఒకడు. సార్‌కి ఏమీ అర్థం కాక అందర్నీ కసిరినాడు. ఆ పిల్ల మారు మాట్లాడలేదు. అది తనే రాసిందని చెప్తే ఊరూరి పిల్లోళ్ళకి తన పేరు, నాయన నంబరు రెండూ తెలిసిపోతాయి. ఊరుకుంది.

రెండు రోజులకి మా చేని గట్టు మీద కనపడింది. తిడుతుందేమో అనుకున్నా. తిట్టలేదు. "అన్నా, నేనింక గ్రూప్‌లో రాయను. రాసింది నీకు పంపుతా, నువ్వు పెట్టు. నీకైతే మా ఇంట్లో ఏమీ అనరు," అంది. నిజమే, అనరు. వేరే మగపిల్లోడికి మెసేజ్ పెడితే ఇల్లు పీకి పందిరేస్తారు. అన్న వరసైనోడికి పెడితే తప్పు లేదు. మా వైపు ఊర్లలో ఆడపిల్లకి ఏ పనికైనా ఒక అన్న అడ్డం ఉండాలి. కాలేజీకి తోడు అన్న, హాల్ టికెట్ తేవడానికి అన్న. ఇప్పుడు చర్చకి కూడా అన్న. ఆ అన్నని నేను.

మొదట రెండు వారాలు నిజాయితీగానే చేసినాను. ఆమె రాసింది పెట్టి, కింద 'ఇది నాగవేణి రాసింది సార్' అని పెట్టినాను. మూడోసారి సార్ ఆ కింది లైను చూసుకోకుండా "బాగా రాసినావురా" అన్నాడు. నేను దిద్దలేదు. ఆ తర్వాత వారం ఆ లైను పెట్టడం మర్చిపోయినాను. మర్చిపోయినానని నాకు నేను చెప్పుకున్నా. గ్రూప్ ఆమె కూడా చూస్తుంది కదా, చూసింది. "నా పేరు పెట్టలేదే అన్నా," అని అడిగింది. "పేరు పెడితే మళ్ళీ ఎగతాళి చేస్తారమ్మా. నీ మంచికే," అన్నాను. ఎగతాళి మొదలుపెట్టినోడు ఎవడు? ఆ ప్రశ్న ఆమె అడగలేదు. అడిగి ఉంటే నా మొహం ఎక్కడ పెట్టుకునేవాణ్ణో.

ఇంకొక శనివారం ఆమె వాళ్ళమ్మ గురించి రాసి పంపింది. దాన్ని ఉన్నదున్నట్టు పెట్టలేకపోయినాను. అందులో 'మా అమ్మ' అని ఉంది. మా అమ్మ గొర్రెల దొడ్డి ఊడ్చదు కదా, అందరికీ తెలుసు మాది సేద్యం ఇల్లని. ఏం చేయాలబ్బా అని ఆలోచించి, 'మా అమ్మ' అన్న మాట కొట్టేసి, 'గొర్రెల కాపరుల ఇండ్లలోని స్త్రీలు' అని పెట్టినాను. చూడండి, దొంగతనానికి కూడా ఎంత శుభ్రమైన తెలుగు రాసినానో. సార్ దాన్ని మెచ్చుకొని అన్ని క్లాసులకీ చదివి వినిపించినాడు. నాకు ఫోన్ చేసి, ఒరేయ్ నీకు మనుషుల కష్టం తెలుసురా అన్నాడు. ఆ మాటకి కళ్ళు చెమర్చినాయి నాకు. సిగ్గుతో కాదు. సంతోషంతో! ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఏడాది ఆఖర్లో సార్ ఒక సంగతి చెప్పినాడు. ఆయనకి తెలిసినవాళ్ళు హైదరాబాదులో ఒక పిల్లనో పిల్లోణ్ణో ఎం.ఏ. చదివిస్తారంట, ఫీజు, హాస్టలు వాళ్ళే చూసుకుంటారంట. మా క్లాసు నుంచి ఒకరి పేరు పంపాలి. వచ్చే శనివారం వీడియో మీటింగ్ పెడతా, అందరూ మొహాలు చూపించి మాట్లాడండి, ఎవరు బాగా మాట్లాడితే వాళ్ళ పేరు పంపుతా అన్నాడు. ఆ వారం మధ్యలో నాగవేణి నుంచి మెసేజ్ వచ్చింది. "అన్నా, శనివారం నేనే మాట్లాడతా. అవన్నీ నేను రాసినవేనని సార్‌కి చెప్తా. నువ్వు అవునంటే చాలు."

తేలు కుట్టిన దొంగ అంటారే, ఎవరికి చెప్పుకోవాలి? ఆమెకి జవాబు పెట్టలేదు. పెట్టకుండానే ఒక రోజు నెట్టినాను. మరుసటి రోజు పొద్దుగూకే వేళ అదే నంబరు నుంచి ఫోన్ మోగింది. నాగవేణి అనుకొని ఎత్తినాను. గురవయ్య చిన్నాయన.

"అబ్బయ్యా, ఏందో శనివారం ఫోన్లో మొగం కనపడేటట్టు మాట్లాడాలంట కదా. మగపిల్లోళ్ళు బోలెడు మంది ఉంటారంట. మా అన్నదమ్ములు ఒకటే పోరు పెడుతున్నారు, పిల్లని బజారున పెడతావా అని. గొర్రెలు కాసుకునేటోణ్ణి, నాకేం తెలుసు? దానికి అన్నవి నువ్వు. చదువుకున్నోనివి. నువ్వు ఊ అను, నేను ఎవుని మాటా వినను."

ఆ మనిషి ఒప్పుకోవడానికే ఫోన్ చేసినాడు. అది నాకు అర్థమైంది. ఆపాలనుకున్నోడు నన్నెందుకు అడుగుతాడు? ఊ అనమని అడిగినాడు. ఒక్క ఊ.

"వద్దులే చిన్నాయనా," అన్నాను.

"వద్దా?"

"ఆ గ్రూప్‌లో పిల్లోళ్ళు మంచోళ్ళు కాదు. ఎగతాళి చేస్తారు. మొగం కనపడితే ఫోటోలు తీసుకుంటారు. రేపు సంబంధాలు చూసేటప్పుడు మాటొస్తుంది."

ఆయన వెనక గొర్రెపిల్లలు అరుస్తున్నాయి. ఆ అరుపులు ఇప్పటికీ వినిపిస్తాయి నాకు.

"మరి దాని చదువు, అబ్బయ్యా?"

"పరీక్షలు మాత్రం రాయనీ చిన్నాయనా. ఇంట్లో చదువుకొని రాస్తే చాలు."

"సరే. నువ్వు చెప్పినావంటే ఇంక అంతే. మంచిమాట చెప్పినావు," అని పెట్టేసినాడు.

అదీ నేను చెప్పిన మాట. ఎన్ని సార్లు తిప్పి తిప్పి చూసుకున్నానో. అందులో అబద్ధం ఏదన్నా ఉందా? లేదు. పిల్లోళ్ళు మంచోళ్ళు కాదు, నిజం. ఎగతాళి చేస్తారు, నిజం. నాకంటే బాగా ఎవరికి తెలుసు? అబద్ధమే ఆడి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు బయటపడేది, ఎవడో ఒకడు నా గల్లా పట్టుకునేవాడు. నిజాలే చెప్పి ఒక పిల్ల నోరు నొక్కినాను కాబట్టి నన్ను ఎవరూ పట్టుకోలేదు. ఆ పరీక్షల మాట ఎందుకన్నాను? జాలితోనా? నేను మరీ అంత చెడ్డోణ్ణి కాదని నాకు నేను చెప్పుకోవడానికా? ఇప్పటికీ తేలలేదు. జాలి అయితే ఆ ఊ అనే ఉండేవాణ్ణి కదా.

శనివారం మీటింగ్‌లో నేను తల దువ్వుకొని కూచుని మాట్లాడినాను. గొర్రెల గురించి, దొడ్ల గురించి, లెక్కలోకి రాని ఆడవాళ్ళ పని గురించి. ఆడపిల్లలు అందరూ వీడియో ఆపేసుకొని ఉన్నారు, వాళ్ళ పేర్లుండాల్సిన చోట వాళ్ళ నాయనల పేర్లున్నాయి. గురవయ్య పేరు లేదు. ఆఖర్న సార్ అడిగినాడు, "ఒరేయ్, ఆ గురవయ్య ఏడిరా? మొదట్లో ఒకసారి బాగా రాసినాడు?" అని. ఎవరూ పలకలేదు. నేనే పలికినాను.

"వాడు రావట్లేదు సార్. గొర్రెలకి పోతున్నాడు."

"అయ్యో, తెలివైన పిల్లోడురా," అన్నాడు సార్. మీటింగ్ అయిపోయింది. నా పేరు పంపినాడు.

హైదరాబాదు పోయినాను, ఎం.ఏ. అయింది, ఉద్యోగమైంది, పెళ్ళయింది. నాగవేణి డిగ్రీ పాసైంది, ఆ తర్వాత పుల్లలచెరువు వైపు ఒక ఊరికి ఇచ్చినారని మా అమ్మ ఫోన్లో చెప్పింది. మంచిదేలే అన్నాను. ఊరికి పోయినప్పుడల్లా వాళ్ళ దొడ్డి వైపు దారి వదిలి చుట్టు తిరిగి పోయేవాణ్ణి. గురవయ్య చిన్నాయన పోయినాడని తెలిసినా చూడ్డానికి పోలేదు. కాలేజీలో సెలవు దొరకలేదన్నాను. అడగంది సెలవు ఎట్ల దొరుకుతుంది?

పోయిన ఏడు సీతాఫలాల కాలంలో కంభం బస్టాండులో దొరికిపోయినాను. "అన్నా!" అని వెనక నుంచి పిలుపు. ఆ గొంతు వినగానే బస్సెక్కేద్దామా అనుకున్నా, బస్సు లేదు. నాగవేణి. చంకలో పిల్ల, చేతిలో సంచి. "మామ వచ్చినాడు చూడు," అని ఆ పిల్లని నా చేతికిచ్చింది. ఊర్లో పిల్లలకి ట్యూషన్ చెప్తున్నానంది. నేను లెక్చరర్ అయినందుకు నిజంగా సంతోషపడింది. నవ్వుతా నవ్వుతానే ఈ మాట చెప్పింది:

"నీ మేలు మర్చిపోలేనన్నా. ఆ శనివారం నాయన ఫోన్ ఇయ్యలేదు. ఎవురు వద్దన్నారు నాయనా అని ఏడ్చినా. ఎవురూ అనలేదు, నేనే వద్దనుకున్నా అన్నాడు. అన్న మాత్రం పరీక్షలు రాయనీమన్నాడు, దానికే పంపుతున్నా అన్నాడు. నువ్వు ఆ మాట అనబట్టి డిగ్రీ అన్నా అయింది నాకు."

నేను నా చేతిలో ఉన్న పసిపిల్ల మొహం వైపు చూస్తా నిలబడినాను.

"నాయన మీద మాత్రం కోపం పోలేదన్నా. చాన్నాళ్ళు సరిగ్గా మాట్లాడలేదు. అన్నం పెట్టేదాన్ని, పక్కకి తిరిగి పోయేదాన్ని. మళ్ళీ మాట్లాడదాంలే అనుకుంటానే ఉన్నా. పోయినాడు."

"ఊ," అన్నాను.

ఆ రోజు ఆయన అడిగిన ఊ నా నోట్లోంచి అప్పుడు వచ్చింది. ఎందుకు దాచినాడా మనిషి? అన్న వద్దన్నాడని తెలిస్తే బిడ్డకి ఇంక ఎవరి మీదా నమ్మకం ఉండదనుకున్నాడా? మా చేలో మంద పెట్టుకునేటోడు కాబట్టి మా ఇంటి పిల్లోడి మీద మాట రానీకూడదనుకున్నాడా? నా మాటలో సగం తీసుకొని కడుపులో పెట్టుకున్నాడు, మంచిగా కనపడే సగం బిడ్డకి ఇచ్చినాడు. ఆమె నాకు మొక్కుతోంది, ఆయన మీద అలిగింది. నేను చేయాల్సిన ప్రాయశ్చిత్తం ఆయన ముద్ద ముద్దకీ చేసుకొని పోయినాడు.

బస్సొచ్చింది. ఎక్కుతుంటే సంచిలోంచి సీతాఫలాలు తీసి నా బ్యాగులో కుక్కింది. వద్దన్నా వినలేదు. కిటికీ దగ్గరకొచ్చి ఇంకొక మాట అడిగింది. "అన్నా, నువ్వు చెప్పే క్లాసులో ఆడపిల్లలు గ్రూప్‌లో రాస్తారా?"

"బాగా రాస్తారమ్మా," అన్నాను.

ఇంటికి తెచ్చిన సీతాఫలాలు నా భార్య తినింది, పక్కింటి పిల్లలు తిన్నారు. ఇంత తియ్యటివి ఎక్కడియ్యి అని అడిగితే కొన్నానని చెప్పినాను. ఒక్కటి కూడా నేను నోట పెట్టలేకపోయినా.

అప్పుడే ఎందుకు చెప్పలేదు అంటారు మీరు. నేనూ అదే అడుగుతున్నా. చెప్తే ఆ పిల్ల కూలిపోతుంది, పోయిన నాయన మీద అనవసరంగా అలిగినానని జీవితమంతా ఏడుస్తుంది, అందుకని చెప్పలేదు అని ఒక జవాబు తయారుగా పెట్టుకున్నాను. వినడానికి బాగుంటుంది. కానీ చెప్తే ఆమెకి నాయన తిరిగి దొరుకుతాడు కదా? నాయన వద్దనలేదు, ఒప్పుకోవాలనే అనుకున్నాడు, నా బిడ్డ మాట్లాడొచ్చునా అని ఫోన్ చేసి అడిగినాడు అని తెలుస్తుంది కదా? అది ఆమె సొత్తు. దాన్ని కూడా నా దగ్గరే అట్టిపెట్టుకున్నాను. ఆమె బాధపడుతుందని కాదు, అన్నా అని పిలవడం మానేస్తుందని. అంతే. ఇంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

ఇప్పుడు మా కాలేజీ గ్రూప్‌లో ఎవరన్నా పిల్ల రాయకపోతే ఆమె వెనక ఒక నాయన, ఆ నాయనకి ఫోన్లో సలహా చెప్పిన నాలాంటోడొకడు కనపడతారు నాకు. ఆ పేజీ పైకి పోయింది. వెనక్కి తెప్పించే ధైర్యం చేస్తానో లేదో చెప్పలేను. మీకు మాటివ్వను. నా మాట విలువెంతో ఇప్పటికి మీకు తెలిసే ఉంటుంది.

ఇక్కడ కూడా ఆమె అసలు పేరు రాయలేదు, గమనించినారా? మళ్ళీ ఆమె మాటలు నా చేత్తో, ఆమె పేరు లేకుండానే పోతున్నాయి. ఎందుకు రాయలేదంటే నా దగ్గర జవాబుంది. ఆమె మంచికే అని. థూ!

ఒక్కటి మాత్రం చేయగలను. ఆ రోజు నేను గెలికి పెట్టిన మెసేజ్‌ని ఆమె పంపినట్టే ఇక్కడ పెడుతున్నా. నాకు కంఠతా వచ్చు. రాస్తుంటే ఇన్నేళ్ళ తర్వాత కొంచెం ఊపిరి ఆడుతోంది.

"సార్, గింజలు తెచ్చింది నాయన కాబట్టి నాయన సంపాదన అంటారు. గొర్రెపిల్లల్ని గంపకింద మూసి కాపాడేది మా అమ్మ. జబ్బు చేసినదానికి మందు పోసేది మా అమ్మ. తెల్లారి దొడ్డి ఊడ్చేది మా అమ్మ. జాతీయాదాయంలో మా అమ్మ పని ఎక్కడుంది సార్?"

ఇది అడిగింది నాగవేణి. నేను కాదు.